వత్తల్‌మలైలో ఊరి పార్కు: గ్రామసభ ఆమోదానికి తీర్మాన పాఠం

విషయం: వత్తల్‌మలై కొండ ఊళ్లవాళ్ల కోసం కొత్త పార్కు ఏర్పాటు. స్థలం కేటాయింపు, నీటి ఏర్పాటు, నిర్వహణ బాధ్యత.

ఇది ధర్మపురి జిల్లా వత్తల్‌మలై గ్రామసభలో చదివి వినిపించి, చర్చించి, ఆమోదం కోరడానికి సిద్ధం చేసిన ముసాయిదా. సభ నడిచేదీ, రికార్డు రాసేదీ తమిళంలోనే. కొండ దిగువ ఊళ్లలో ఉంటూ పనిమీదో సరదాగానో కొండెక్కే తెలుగువాళ్లకు కూడా ఈ పార్కుతో సంబంధం ఉంది కనుక ఈ ప్రతి తెలుగులో. సర్వే నంబరు, విస్తీర్ణం, తేదీ గళ్లను సభ రోజున వీఏఓ (గ్రామ పరిపాలనాధికారి) రికార్డు ముందు పెట్టుకుని నింపాలి. అంతవరకూ ఖాళీగానే ఉంచాలి.

సభ ముందున్న సంగతులు

వత్తల్‌మలై సేర్వరాయన్ కొండల ఉత్తరపు కొసన ఉంది. ధర్మపురి పట్టణానికి సుమారు 25 కిలోమీటర్ల దూరం, సముద్ర మట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తు. ఇదే కొండల వరసలో దక్షిణాన సేలం జిల్లా ఏర్కాడు ఉంది. ఇక్కడ తరతరాలుగా కాపురం ఉంటున్నది మలయాళీ గిరిజనులు. వీళ్లకూ కేరళకూ సంబంధం లేదు. తమిళనాడు షెడ్యూల్డ్ తెగల్లో జనాభాపరంగా అన్నిటికన్నా పెద్ద తెగ వీళ్లదే. సామ, రాగి పండించుకుంటూ, కాఫీ, మిరియం పెంచుకుంటూ, ఘాట్ రోడ్డు లేని రోజుల్లో జబ్బుపడినవాళ్లను మోసుకుని కిందికి దిగిన కుటుంబాలు వీళ్లవి.

రోడ్డు వచ్చాక కొండ మారింది. 2021 సెప్టెంబరు చివర అప్పటి ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ఈ కొండ మీదికి వచ్చి గిరిజనులతో మాట్లాడి వెళ్లారు. ఆ తర్వాత వత్తల్‌మలై పేరు పత్రికల్లో పర్యాటక స్థలంగా తరచూ కనబడుతోంది. సెలవు రోజుల్లో బైకులూ కార్లూ పైకి వస్తున్నాయి. చల్లగాలి, మలుపుల మీంచి లోయ చూపు, కాఫీ తోటల నీడ వచ్చినవాళ్లకు దొరుకుతున్నాయి. చూడవచ్చినవాళ్ల కోసం ఏం కట్టాలన్న మాట చాలాచోట్ల వినిపిస్తోంది. ఇక్కడ పుట్టి పెరుగుతున్న పిల్లల కోసం ఏం కట్టాలన్న మాట అంతగా వినిపించడం లేదు. ఈ తీర్మానం ఆ రెండో మాట కోసం.

ఆట పిల్లల హక్కు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో, 31వ అధికరణంలో ఆ సంగతి రాసింది. 1992లో భారతదేశం ఆ ఒడంబడికలో చేరింది. పట్టణంలో పిల్లకు ఒక హక్కు, కొండమీది పిల్లకు ఇంకో హక్కు అని అందులో ఎక్కడా లేదు.

మన రాజ్యాంగంలో మాత్రం ఒక తేడా కనబడుతుంది. పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలతో ఉన్న 12వ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని పేరుపెట్టి రాశారు. పంచాయతీల కోసం 29 అంశాలు రాసిన 11వ షెడ్యూలులో పార్కు ఊసు లేదు. సామాజిక అడవుల పెంపకం ఉంది, స్త్రీ శిశు సంక్షేమం ఉంది, సాంస్కృతిక కార్యక్రమాలు ఉన్నాయి, ఆఖరి అంశంగా ఊరుమ్మడి ఆస్తుల నిర్వహణ ఉంది. పల్లెలో చెట్లూ చేమా ఎలాగూ ఉంటాయి కదా, ఇంక పార్కెందుకు అన్న ఆలోచన ఇప్పటికీ చాలామందిలో ఉంది. కొండ ఊళ్ల విషయంలో ఆ ఆలోచన మరీ బలంగా ఉంటుంది. చుట్టూ అడవే ఉండగా పార్కు ఎందుకు అంటారు.

ఎందుకో ఈ సభ చెప్పదలచుకుంది. పొలం పనిచేసే చోటు. కాఫీ తోట ఒకరి జీవనాధారం, అందులో పిల్లలు బంతి విసిరితే కొమ్మ విరుగుతుంది. అడవికి అటవీ శాఖ నియమాలున్నాయి, అడవిపందులూ పాములూ ఉన్నాయి. కల్లం మీద గింజలు ఆరబోసి ఉంటాయి. మిగిలేది రోడ్డు. బండ్లు రాని రోజుల్లో రోడ్డు మీద ఆడినా తల్లులకు బెంగ ఉండేది కాదు. మలుపు తిరిగేదాకా ఎదుటి బండి కనబడని ఘాట్ రోడ్డు మీద, కొత్తగా వచ్చిన డ్రైవరు బండి నడుపుతుంటే, ఆ ధైర్యం పనికిరాదు. ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరికీ నష్టం చేయకుండా, బండికి భయపడకుండా పిల్లలు పరుగెత్తే చోటు ఊరికి ఒకటి కావాలి. ముసలివాళ్లు ఎండ దిగాక కూర్చునే చోటు కావాలి. పనికి పోయి వచ్చిన ఆడవాళ్లకు ఓ అరగంట తమదైన చోటు కావాలి.

అది పెద్దదే కానక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలక సంస్థ 1947లో ఒక చిన్న కూడలిలో పిల్లల ఆటస్థలం కట్టింది. గీసింది ఆల్డో వాన్ ఐక్ అనే యువ వాస్తుశిల్పి. ఒక ఇసుక గుంట, నాలుగు రాతి దిమ్మెలు, ఎక్కి దిగడానికి ఇనుప కమ్మీలు, చెట్ల కింద బెంచీలు, అంతే. మా వీధికీ ఒకటి కావాలని జనం ఉత్తరాలు రాశారు. ఇళ్లు కూలిన ఖాళీ జాగాల్లో, వీధుల మూలల్లో, ముప్ఫై ఏళ్లలో 700కు పైగా అలాంటివి వచ్చాయి. మనకు ఒక్కటి చాలు. కొండ ఊరికి సరిపోయే కొలత కూడా అదే.

తెలుగు నేల నుంచి రెండు సంగతులు ఈ సభ పరిశీలించింది. అరకులోయలోని పద్మాపురం తోట 1942లో యుద్ధకాలపు సైనికుల కోసం కూరగాయలు పండించడానికి మొదలై, తర్వాత పర్యాటకుల ఉద్యానవనం అయింది. చక్కని తోట. అయితే టికెట్టు కొని చూసే తోట ఒకటి, బడి విడిచిన పిల్ల సంచీ ఇంట్లో పడేసి పరుగెత్తే చోటు ఇంకొకటి. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు లెక్కవేయకూడదు.

రెండో సంగతి తెలంగాణ అనుభవం. అక్కడ 2020 నుంచి ఊరూరా ప్రభుత్వ స్థలాల్లో పల్లె ప్రకృతి వనాలు పెంచారు. దానికి రెండేళ్ల ముందే, 2018 పంచాయతీరాజ్ చట్టంలో, పంచాయతీ బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికే పెట్టాలనీ, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత సర్పంచిదీ కార్యదర్శిదీ అనీ రాశారు. ఊరి పచ్చదనానికి ఇంత గట్టిగా డబ్బునూ బాధ్యతనూ చట్టంలో ముడివేయడం మెచ్చుకోదగింది. నీళ్లు పోసే మనిషి నిలిచిన ఊళ్లో వనం నీడనిస్తుంది, ఆ మనిషికి జీతం ఆగిన ఊళ్లో ముళ్లకంచె, బోర్డు మిగులుతాయి. మొదటి గుంట తవ్వకముందే జీతం సంగతి తేల్చుకోవాలన్నది ఈ సభ గ్రహించిన పాఠం.

భూమి గురించి చట్టం చెప్పేది

వత్తల్‌మలైలో ఏ పనికైనా మొదట అడ్డుపడే ప్రశ్న, స్థలం ఎవరిది? తమిళనాడులో అయిదో షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతాలు లేవు కనుక అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం ఇక్కడ వర్తించదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం వర్తిస్తుంది. ఆ చట్టం సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసుతో, ఒక్కోదానికి హెక్టారుకు మించకుండా, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా, 13 రకాల ఊరి అవసరాలకు అటవీ భూమి ఇవ్వవచ్చు. బడి, ఆస్పత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కరెంటు తీగలు, చెరువులు, తాగునీటి పైపులు, వాన నీటి కట్టడాలు, రోడ్డు, సామాజిక భవనం వగైరా ఆ జాబితాలో ఉన్నాయి. పార్కు లేదు.

ఈ సంగతి మొదటే చెప్పుకోవడం మంచిది. అటవీ భూమిలో పార్కు అని కాగితం పంపితే అది ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. సామాజిక భవనం అని రాసి చుట్టూ పార్కు కట్టేద్దామని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. ఈ సభ దానికి ఒప్పుకోదు. అటవీ హక్కుల చట్టం గిరిజనుల కోసం వచ్చిన చట్టం. దాన్ని మనమే మెలిపెడితే రేపు మన పట్టా దరఖాస్తుల మీద అధికారులు మెలిక పెట్టినప్పుడు మాట్లాడే నోరు ఉండదు.

అలాగే, పార్కు కోసం ఎవరి పట్టా భూమీ, ఎవరి సాగులో ఉన్న చెక్కా తీసుకోరాదు. ఇప్పుడు సాగు చేసుకుంటూ హక్కు పత్రం కోసం ఎదురుచూస్తున్న కుటుంబం భూమి కూడా ఈ నియమం కిందికే వస్తుంది.

మిగిలింది రెవెన్యూ రికార్డుల్లో పోరంబోకుగా, ఊరి నత్తంగా (నివాస స్థలంగా) ఉన్న స్థలం. ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి కాపాడాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. బెంగళూరు సదాశివనగర్‌లో పార్కుకని విడిచిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇచ్చినప్పుడు, చుట్టుపక్కల నివాసులు కోర్టుకెక్కారు. 1991లో ముద్దప్ప కేసులో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును చెల్లదంది, అడిగే హక్కు ఆ నివాసులకు ఉందని కూడా అంది. పట్టణ లేఅవుట్ మీద వచ్చిన తీర్పు అయినా, దానిలోని నీతి మన పోరంబోకు చెక్కకూ సరిపోతుంది. ఒకసారి పిల్లలకని రాసిచ్చిన చోటును పెద్దవాళ్లు మళ్లీ లాక్కోకూడదు.

పై సంగతులన్నీ విని, చర్చించి, ఈ గ్రామసభ కింది విధంగా తీర్మానిస్తోంది.

తీర్మానం

వత్తల్‌మలై కొండ ఊళ్ల నివాసుల కోసం, ముఖ్యంగా పిల్లలు, ఆడవాళ్లు, వృద్ధుల కోసం ఒక పార్కు ఏర్పాటు చేయడాన్ని ఈ సభ ఆమోదిస్తోంది. అది సర్వే నంబరు ________ లోని పోరంబోకు స్థలంలో ________ సెంట్ల మేర ఉంటుంది. స్థలాన్ని వీఏఓ, సర్వేయరు ఊరివాళ్ల ఎదుట కొలిచి, నాలుగు మూలలా రాళ్లు పాతాలి. ఆ హద్దుల నక్షా పంచాయతీ ఆఫీసు గోడ మీద శాశ్వతంగా ఉండాలి. స్థలం బడికీ ఇళ్లకూ కనుచూపు మేరలో ఉండాలి. వచ్చే పిల్లలెవరూ ఘాట్ రోడ్డు దాటవలసిన అవసరం ఉండకూడదు. లోయ బాగా కనబడుతుందన్న కారణంతో ఊరికి దూరంగా, కొండ అంచున స్థలం ఎంపిక చేయడాన్ని ఈ సభ ఒప్పుకోదు. అక్కడ ఫొటోలు బాగా వస్తాయి, సాయంత్రం ఆరింటికి ఒంటరి ఆడపిల్ల మాత్రం అక్కడికి వెళ్లదు.

నీటి సంగతి ఈ సభలో అన్నిటికన్నా ఎక్కువసేపు చర్చకు రావలసిన విషయం, కాబట్టి వివరంగా రాస్తున్నాం. వేసవిలో కొండ మీద తాగునీటికే కటకట. ఇళ్లకు వచ్చే కొళాయి లైను నుంచి పార్కుకు చుక్క కూడా మళ్లించరాదు. పార్కు కోసమని కొత్త బోరు వేయరాదు. పచ్చిక బయలు పెంచరాదు, పొలానికి లేని నీళ్లు గడ్డికి పోయడం తప్పు. బడి కప్పు మీద, పక్కనున్న ప్రభుత్వ భవనాల కప్పుల మీద పడే వాన నీటిని గొట్టాలతో దింపి తొట్టిలో నిలపాలి. పార్కు వాలును మూడు నాలుగు మెట్లుగా చదును చేసి, ప్రతి మెట్టుకూ లోపలి వైపు కందకం తవ్వితే కొండ మీంచి జారే నీరు అక్కడే ఇంకుతుంది, మట్టి కొట్టుకుపోదు. చేతులు కడుక్కునే తొట్టి నుంచి పారే నీరు నేరుగా చెట్టు పాదుకు చేరాలి.

మొక్కలు తమిళ ఆడి, ఆవణి నెలల వానలకే నాటాలి. ప్రారంభోత్సవం తేదీని బట్టి ఎండాకాలంలో నాటే పద్ధతి వద్దు. మొదటి రెండు వేసవుల్లో ప్రతి మొక్కకూ కుండ నీరు పెట్టాలి. అంటే మొక్కకు జానెడు దూరంలో గుంట తీసి, కాల్చిన మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టాలి. కుండ గోడల గుండా నీరు కొద్దికొద్దిగా ఊరి వేళ్లకు అందుతుంది. మట్టి పొడిగా ఉన్నప్పుడు ఎక్కువ ఊరుతుంది, తడిగా ఉన్నప్పుడు తగ్గుతుంది. పైన పోసిన నీరు ఎండకు ఆవిరైపోయినట్టు ఇది పోదు. కుండ లోపలి భాగానికి రంగుగానీ మెరుగుగానీ పూసి ఉండకూడదు, పూస్తే నీరు ఊరదు. నింపే పని బడి పిల్లలకు అప్పగించకూడదు. అది కూలి ఇచ్చి చేయించవలసిన పని.

చెట్ల విషయంలో, స్థలంలో ఇప్పటికే ఉన్న ఏ చెట్టునూ కొట్టరాదు. నక్షాయే చెట్టుకు ఒదిగి వంగాలి. లాంటానా పొదలను వేళ్లతో సహా పీకించాలి. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. కాఫీ తోటలో నీడకూ మిరియపు తీగకూ అది పనికొస్తుంది, పార్కులో అక్కర్లేదు. నీలగిరి అసలే వద్దు. నేరేడు, పనస, కుంకుడు, ఉసిరి నాటాలి. ఉసిరికి ఈ జిల్లాతో పాత బంధం ఉంది. ధర్మపురి పాత పేరు తగడూరు. ఆ తగడూరును ఏలిన అదియమాన్ ఆయుష్షు పెంచే ఉసిరికాయ తనకు దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వయ్యార్‌కు ఇచ్చాడన్న కథ ఈ నేల మీద రెండు వేల ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. ఆ కథ విన్న పిల్లకు కాయ కోసుకునే చెట్టు కూడా ఉండాలి. పండ్లు పిల్లలవి. పండ్ల వేలం వేసి పంచాయతీ ఖాతాలో డబ్బు చూపించరాదు. పనస పండ్లు మాత్రం నేల మీద కుళ్లనివ్వకూడదు, వాసనకు అడవిపందులు ఊళ్లోకి వస్తాయి. కాయ పక్వానికి రాగానే దించి పంచెయ్యాలి.

ఆట సామాన్లు కొద్దిగా ఉన్నా గట్టివి ఉండాలి. ఉయ్యాలలు, జారుడుబల్ల, ఎక్కే కమ్మీలు, ఇసుక గుంట, కబడ్డీకి మెత్తని మట్టి నేల. రంగుల ప్లాస్టిక్ సామాన్లు ఎండకు పగిలి అంచులు కోసుకుంటాయి, వాటిని కొనరాదు. రేకు జారుడుబల్లను ఉత్తరం వైపు తిప్పి, చెట్టు నీడ పడేచోట పెట్టాలి. పడమటికి తిప్పితే మధ్యాహ్నం మూడింటికి దాని మీద కూర్చున్న పిల్ల తొడలు కాలతాయి. ఉయ్యాల గొలుసు తెగేది నడుమన కాదు, పైన కొక్కెం రాసుకునే చోట. కింద నిలబడి చూస్తే అక్కడి అరుగుదల కనబడదు. నెలకోసారి నిచ్చెన వేసుకుని ఎక్కి, కొక్కెం సగం అరిగిందేమో చూసి, తేదీతో పుస్తకంలో రాయాలి. అరిగినట్టు తేలిన రోజే ఉయ్యాల విప్పేయాలి. కొత్తది వచ్చేదాకా ఖాళీ స్తంభాలు కనబడినా ఫరవాలేదు.

వియన్నా నగరంలో పదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం మానేస్తున్నారని 1990లలో గమనించారు. స్థలమంతా బంతాటలు ఆడే మగపిల్లల చేతిలో ఉండడం అందుకు కారణమని తేలింది. కొన్ని పార్కులను ఒకే పెద్ద మైదానంగా కాకుండా చిన్నచిన్న భాగాలుగా, ఎక్కువ దారులతో, కూర్చునే అరుగులతో మళ్లీ తీర్చితే ఆడపిల్లలు తిరిగొచ్చారు. వత్తల్‌మలై పార్కు నక్షా గీయక ముందే, బడి ఆడపిల్లలనూ ఊరి ఆడవాళ్లనూ విడిగా కూర్చోబెట్టి, వాళ్లకు ఏం కావాలో అడిగి రాయాలి. ఆ కాగితం నక్షాకు జతచేయకపోతే నక్షాను ఈ సభ ఆమోదించదు. శుభ్రంగా ఉండే మరుగుదొడ్డి, రెండు సోలార్ దీపాలు, ఇళ్ల వైపు కనబడేలా అరుగులు తప్పనిసరి. నడవలేనివాళ్ల బండి లోపలికి వచ్చేలా కనీసం ఒక దారి మెట్లు లేకుండా ఉండాలి.

చూడవచ్చే అతిథులను ఈ సభ ఆదరిస్తుంది. వాళ్ల రాకతో ఇంటి ముందు కాఫీ పొడి, తేనె, మిరియాలు అమ్ముకునే ఆడవాళ్లకు నాలుగు రూపాయలు వస్తున్నాయి. ఆ రాబడి పెరగాలి. పార్కు లోపలికి వాళ్లూ రావచ్చు, కూర్చోవచ్చు, ప్రవేశ రుసుము ఎవరికీ ఉండదు. బండ్లు నిలిపే స్థలం, టీ కొట్లు, అమ్మకపు బల్లలు మాత్రం పార్కు హద్దు బయటే ఉంటాయి. లోపల మద్యం, స్పీకర్లు నిషేధం. తమిళనాడులో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై 2019 జనవరి 1 నుంచి నిషేధం ఉంది. ఇక్కడ దాన్ని గేటు దగ్గర సంచీ చూసి అమలు చేయాలి. ఆటస్థలంలో ఊరి పిల్లలను వాళ్ల పెద్దల అనుమతి లేకుండా ఫొటో తీయడం, వీడియో తీయడం కూడదు. కొండ పిల్లలు ఎవరి పర్యటనకూ దృశ్యం కారు. ఈ ఒక్క వాక్యాన్ని తమిళం, తెలుగు, కన్నడం మూడింటిలో గేటు దగ్గర రాయించాలి.

ఖర్చు గురించి: మట్టిపని, కందకాలు, మొక్కలు నాటడం ఉపాధి పనుల కింద ఊరివాళ్లతోనే చేయించాలి. కట్టడాలకూ సామాన్లకూ పంచాయతీ సాధారణ నిధి, ఆర్థిక సంఘం గ్రాంట్లు, జనం వాటాకు ప్రభుత్వం తన వాటా కలిపే ‘నమక్కు నామే’ పథకం, ఈ మూడు దారులనూ అడగాలి. దాతలు ఇస్తే పుచ్చుకోవచ్చు, అరుగుల మీదా ఉయ్యాలల మీదా వాళ్ల పేర్లు రాయరాదు. అంచనా పత్రంలో కట్టడానికి ఎంతో, మొదటి అయిదేళ్ల నిర్వహణకు ఎంతో పక్కపక్కన చూపించాలి. రెండో అంకె లేని అంచనాను సభ వెనక్కి పంపుతుంది. కాపలా, నీరు, శుభ్రం పనులకు ఊళ్లోంచే ఒకరిని, వీలైతే భూమి లేని కుటుంబంలోని మహిళను, నెల జీతం మీద పెట్టుకోవాలి. ఆ జీతం ప్రతి ఏడాది పంచాయతీ బడ్జెట్‌లో విడి పద్దుగా ఉండాలి.

పార్కు యాజమాన్యం గ్రామసభదే. రోజువారీ సంగతులు చూడడానికి తొమ్మిది మంది కమిటీ ఉంటుంది. అందులో కనీసం అయిదుగురు మహిళలు, వేరువేరు కొండ ఊళ్ల నుంచి. కమిటీ కూర్చున్నప్పుడు బడి పిల్లలు ఇద్దరిని పిలిపించుకుని మాట్లాడాలి. పార్కును పర్యాటక శాఖకుగానీ, ఏ సంస్థకుగానీ, కాంట్రాక్టరుకుగానీ లీజుకివ్వాలన్నా, అందులో ఏ భాగాన్నయినా వేరే అవసరానికి మార్చాలన్నా, ఆ విషయం ఒక్కటే ఎజెండాగా గ్రామసభ పెట్టి, నెల ముందు ఊరూరా దండోరా వేయించి, మళ్లీ తీర్మానం చేయించుకోవాలి. పంచాయతీ అధికారిగానీ కమిటీగానీ సొంతంగా అందుకు సంతకం చేస్తే అది చెల్లదు. కాఫీ కోతల నెలల్లో అలాంటి సభ పెట్టరాదు, అప్పుడు సగం ఊరు తోటల్లో ఉంటుంది.

పేరు పెట్టడం పార్కు పూర్తయ్యాక చూసుకోవచ్చు. బతికున్న ఏ నాయకుడి పేరూ పెట్టరాదు.

తమిళనాడు గ్రామసభలు ఏటా జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీల్లో తప్పనిసరిగా జరుగుతాయి. ప్రతి సభలో పార్కు జమాఖర్చులు, బతికిన మొక్కల లెక్క, ఉయ్యాల కొక్కేల పుస్తకం చదివి వినిపించాలి. పార్కు కట్టకుండా ఏడాది దాటితే ఎక్కడ ఆగిందో, ఏ బల్ల మీద కాగితం ఉందో బీడీఓ రాతపూర్వకంగా సభకు తెలపాలని కోరుతున్నాం.

ఈ తీర్మానం ప్రతులను ధర్మపురి జిల్లా కలెక్టరుకు, పంచాయతీ యూనియన్ బీడీఓకు, తహసీల్దారుకు, జిల్లా అటవీ అధికారికి, ఆది ద్రావిడ గిరిజన సంక్షేమ శాఖ జిల్లా అధికారికి, పర్యాటక శాఖకు పంపాలి. అటవీ అధికారికి పంపే ప్రతితో హద్దుల నక్షా జతచేసి, ఎంపికైన స్థలం అటవీ భూమి కాదని లిఖితపూర్వక ధ్రువీకరణ తీసుకోవాలి. ఆ ధ్రువీకరణ చేతికి వచ్చేదాకా పని మొదలుపెట్టరాదు. బడి ప్రధానోపాధ్యాయులకు ఒక ప్రతి ఇచ్చి, ప్రార్థన సమయంలో పిల్లలకు చదివి వినిపించమని కోరాలి.

సభలో ఎవరైనా అభ్యంతరం చెబితే, చెప్పినవారు ఒక్కరే అయినా సరే, దాన్ని వాళ్ల మాటల్లోనే ఈ కింద రాయాలి.

సభ తేదీ: ________ హాజరైనవారు: ________ (మహిళలు: ________)
అనుకూలం: ________ వ్యతిరేకం: ________
నమోదైన అభ్యంతరాలు: ________________